ఉప్పునీళ్లు తాగిన మల్లె

పోయిన ఆషాఢంలో మా సుభద్రక్కని చూడడానికి అవనిగడ్డ వెళ్లాను. అక్కంటే మా పెదనాన్న కూతురు, నాకంటే ఏడేళ్లు పెద్ద. బందరులో బస్సెక్కి చల్లపల్లి దాటాక, మోపిదేవి గుడి మలుపు రాగానే నా చెయ్యి నాకు తెలియకుండానే తల మీదికి వెళ్లింది. చిన్నప్పుడు ఆ గుళ్లో నా జుట్టంతా ఇచ్చేశారు. తర్వాత మళ్లీ వచ్చింది, పెరిగింది, నెరిసింది, ఇప్పుడు సగం రాలిపోయింది కూడా. అయినా ఆ మలుపులో తల తడుముకోవడం మానలేదు. పక్క సీట్లో ఆవిడ "తలనొప్పా అండీ?" అని అడిగింది. అవునన్నాను.

అక్క రమ్మన్నది మనవరాలి కోసం. కూతురి కూతురు హారిక, గుడివాడలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. శ్రావణంలో పెళ్లి. పెళ్లిపూలు బజార్లో కొనకూడదని ఈ పిల్ల పట్టుదల. తన జడలోకి కావలసిన మల్లెలు తనే పెంచుకుంటానని అమ్మమ్మగారి డాబా మీద పాతిక కుండీలు పెట్టించింది. మొక్కలు ఏపుగా ఎదిగాయి, ఆకు నిగనిగలాడుతోంది, మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. "పెళ్లి ఇంకా నెలాపదిహేను రోజులేనే. నీ చెయ్యి చలవ కదా, ఒక్కసారి వచ్చి నీళ్లు పోసి వెళ్లవే బుజ్జీ" అని అక్క ఫోన్ చేసింది. మా వాళ్లలో ఎవరింట్లో మల్లె పూయకపోయినా, కనకాంబరం మొలవకపోయినా నాకే కబురొస్తుంది. నా చెయ్యి అంత మంచిదని అందరి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో నాకొక్కదానికే తెలుసనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను.

అక్క ఇంట్లో గడప దాటగానే ఎదురు గోడ మీద ఒక ఫోటో ఉంటుంది. తన పెళ్లి ఫోటో. అక్క ముక్కాలిపీట మీద కూర్చుని ఉంటుంది, వెనక నిలువుటద్దం, ఆ అద్దంలో మెడ దగ్గర్నుంచి నడుం కిందిదాకా దిగిన పూలజడ. ఒక్కో మొగ్గా సూదితో కుట్టిన జడ. ఫోటో ఎడమ అంచున ఎవరిదో మోచెయ్యి ఒకటి పడింది. అది నాది. ఎప్పుడు వెళ్లినా చెప్పులు విప్పుతూ ముందు ఆ జడ వంక చూస్తాను, తర్వాత ఆ మోచెయ్యి వంక చూస్తాను, నాలో ఏదో చుర్రుమంటుంది. నాకు అక్కంటే అసూయ. ఇష్టం లేదని కాదు, ఇష్టం కూడా ఉంది. కానీ రెండిట్లో ముందు పుట్టింది అసూయే, ఇప్పటికీ ముందు నడిచేదీ అదే. ఈ వయసులో దాచుకోవడం దండగ కాబట్టి రాసేస్తున్నాను.

మా ఊరు గూడూరుకి లోపలగా ఉంటుంది. పెదనాన్నవాళ్లూ మేమూ ఒకే ఇంట్లో, నాన్నమ్మ చేతి కింద ఉండేవాళ్లం. ఆ రోజుల్లో మా వైపు ఎండాకాలం వచ్చిందంటే ఆడపిల్లలకి ఒక పండగ ఉండేది. మల్లెలు దిగగానే పిల్లకి తలంటి, పూలజడ కుట్టి, పట్టులంగా కట్టి, బందరు స్టూడియోకి తీసుకెళ్లి అద్దం ముందు కూర్చోబెట్టి ఫోటో తీయించేవాళ్లు. జడ నడుం దాటిన ఏడాది ఆ ముచ్చట జరిపించేవాళ్లు. నాకు ఆ ఏడాదే జరగాలి. జడ నడుం దాటింది. మాఘంలో టైఫాయిడ్ వచ్చి మూసిన కన్ను తెరవకుండా పడుకున్నాను. అమ్మ మోపిదేవి స్వామికి మొక్కుకుంది. నేను బతికాను, జుట్టు పోయింది. గుండు మీద చందనం రాసి, ఎండ తగలకుండా నాన్న పాత పంచె చింపి కట్టారు. అదే నెలలో అక్కకి సంబంధం కుదిరింది. ఇంట్లో నా జబ్బు సంగతి వారంలో పాతబడిపోయింది.

పిల్లాడిది దివిసీమ. నిశ్చితార్థానికి వాళ్లొచ్చిన రోజున పూలు గుడివాడ నుంచి తెప్పించారు. బుట్ట పామర్రులో బస్సు మారేసరికి ఆలస్యమై, ఎండలో ఉడికి, మా ఇంటికొచ్చేసరికి మల్లెలు గోధుమరంగు తిరిగాయి. పెళ్లికొడుకు మేనత్త దండ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "పండగలకి మేం గేదెల కొమ్ములకి కట్టేవి కూడా ఇంతకంటే బావుంటాయండీ" అంది నవ్వుతూ. అందరూ నవ్వారు. నాన్నమ్మ కూడా నవ్వింది. వాళ్లు బండెక్కి వీధి మలుపు తిరిగాక మాత్రం పెరట్లోకి వెళ్లి ఆరు మల్లెపొదల ముందూ నిలబడి, "పెళ్లికి ఒక్క పువ్వు కొన్నారంటే నేను పీటల దగ్గరికి రాను" అంది. ముహూర్తం శ్రావణంలో పెట్టుకున్నారు. అప్పటికి మల్లెల కాలం అయిపోతుందని పెదనాన్న గొణిగాడు. "అయిపోతే మళ్లీ పూయిస్తాను. చెట్టు నా మాట వింటుంది, నువ్వే వినవు" అంది నాన్నమ్మ.

మా నేల సంగతి తెలియనివాళ్లకి ఇందులో కష్టమేమిటో అర్థం కాదు. ఎండాకాలం కాలువ కట్టేస్తారు. పెరట్లో బావి నిండా నీళ్లుంటాయి కానీ అవి ఉప్పు. ఆ నీళ్లతో గిన్నెలు తోముకోవచ్చు, ఒళ్లు కడుక్కోవచ్చు, మొక్కకి పోస్తే వారంలో ఆకు మాడిపోతుంది. కాలువ కట్టకముందు నింపుకున్న మంచినీళ్ల చెరువే ఊరందరికీ దిక్కు. మా ఇంటికి వచ్చిన ప్రతి బిందె మంచినీళ్లకీ నాన్నమ్మ లెక్క ఉండేది. తాగడానికి ఇన్ని, వంటకి ఇన్ని. ఆ వేసవిలో కొత్తగా రెండు పద్దులు కలిశాయి. మల్లెపొదలకి నాలుగు బిందెలు, అక్క తలంటుకి ఒకటి. ఉప్పునీళ్లతో కుంకుడుకాయ నురగ రాదు, జుట్టు చిక్కుపడిపోతుంది. పెళ్లికూతురి జుట్టు పాడవకూడదు కదా. ఆ బిందెలన్నీ మోసింది నేను. జ్వరం పడి లేచినదాన్నని బడి మాన్పించారు గానీ, నీళ్లకి మాత్రం పనికొచ్చాను. చిన్న బిందె చంకనెట్టుకుని పొద్దున సగం, సాయంత్రం సగం మోసేదాన్ని.

నాన్నమ్మ సాయంత్రాలు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటాయి. గేదెలకి కుడితి పెట్టించి, కాళ్లు కడుక్కుని, ఒక్కో పొద దగ్గరా గొంతుక్కూర్చునేది. పదిహేను రోజులకోసారి పొద మొదట్లో మట్టి చిటికెడు తీసి నాలిక మీద వేసుకునేది. ఉప్పు తగిలిందా లేదా అని. కాసేపు కళ్లు మూసుకుని, తుపుక్కున ఉమ్మేసి, "బానే ఉంది" అనేది. ఆరు పొదలకీ ఆరు చిటికెలు. తర్వాత అరుగు మీద అక్కని కూర్చోబెట్టి, సాంబ్రాణి పొగ మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టంతా పరిచేది. కుంకుడు వాసన, సాంబ్రాణి, పెరట్లో తడిసిన మట్టి. ఆ మూడూ కలిసిన గాలి పీలుస్తూ నేను గుమ్మంలో ఖాళీ బిందెతో నిలబడి ఉండేదాన్ని. అక్క జుట్టు బుట్ట నిండిపోయి నేల మీదికి జారేది. "కాస్త ఆ చివర పట్టుకోవే బుజ్జీ, మట్టంటుతుంది" అనేవాళ్లు. పట్టుకునేదాన్ని. నా చేతిలో అంత జుట్టు, నా తల మీద పంచెగుడ్డ.

అక్క చెడ్డది అయినా బాగుండేది. నాకు తిట్టుకోవడానికి ఒక దారి దొరికేది. తన పళ్లెంలో మీగడ నా పళ్లెంలోకి జరిపేది, నా గుడ్డ ఊడితే మళ్లీ కట్టేది. "వచ్చే ఎండాకాలానికి నీకూ జడొస్తుందే, నేనే వచ్చి కుడతా" అనేది. ఆ మాటకి ఇంకా మండేది. ఉన్నవాళ్లు లేనివాళ్లని ఓదార్చినట్టుండేది.

వైశాఖంలో ఒక పొద్దున, బావి పక్కనున్న పొదలో ఒకే ఒక్క మల్లె విచ్చి కనిపించింది. చేతిలో బిందె దించి దాన్ని కోశాను. నా జుట్టు అప్పటికి వేలెడు పెరిగింది. గుడ్డ విప్పి, చెవి వెనక ఆ కాస్త జుట్టులో దోపి, బావిలోకి తొంగి చూసుకున్నాను. నీళ్లలో సరిగా కనపడలేదు. వాసన మాత్రం వచ్చింది. నాన్నమ్మ వెనకనుంచి వచ్చి పువ్వు తీసేసింది. కోప్పడలేదు కూడా. "నీకెక్కడ నిలుస్తుందే, ఇలా తే" అని తీసుకెళ్లి అక్క జడలో పెట్టింది. అక్క జడ అటూ ఇటూ ఊపి చూసుకుంది. నిలిచింది.

ఆ రోజు మధ్యాహ్నం మొదలుపెట్టాను. భోజనాలయ్యాక మా ఇంట్లో అందరూ పడుకునేవాళ్లు. మగవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లు వసారాలో, నాన్నమ్మ తడిపిన గోనెపట్టా కట్టిన కిటికీ కింద. బావి గిలక కిర్రుమంటుందని తాడు చేత్తోనే మెల్లగా వదిలి, చేద పైకి లాగి, ఉప్పునీళ్లు ఆరు పొదలకీ పోశాను. అరిచేతులు బొబ్బలెక్కాయి. పొద్దున్నా సాయంత్రం వాటికే మంచినీళ్లు పోసి, మధ్యాహ్నం ఉప్పునీళ్లు పోసేదాన్ని. మూడో రోజుకి మంచినీళ్లు కూడా మానేశాను. ఆ వాటా దారిలోనే పారబోసేదాన్నే కాని, అంత ఎండలో నీళ్లు పారబోయడానికి చెయ్యి రాక, నేనే తాగి కాళ్ల మీద పోసుకునేదాన్ని. ఇలా ఎనిమిది రోజులు. దేవుడికి నా జుట్టు ఇచ్చారు, అక్కకి పూలిస్తారా, చూస్తాను అనుకున్నాను. పన్నెండేళ్ల పిల్లకి అంత కసి ఎక్కణ్ణుంచి వస్తుందంటే నేనేం చెప్పను. వచ్చింది.

ఆకు అంచులు ముందు గోధుమరంగు తిరిగాయి. తర్వాత పసుపు. ఒక పొద్దున లేచి చూస్తే పొదల కింద ఆకులు పరిచినట్టున్నాయి, పైన పుల్లలు మిగిలాయి. నాన్నమ్మ అరిచి గోల చేస్తుందనుకున్నాను. కానీ ఆ సాయంత్రం పొదల దగ్గర కూర్చుని మట్టి నాలిక మీద వేసుకుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నాన్నమ్మ నాలిక అబద్ధం చెప్పదు. ఒక చిటికెడు, రెండో చిటికెడు, మూడు. ఉమ్మేసి, "ఉప్పు లేదే" అంది. "మరెందుకు రాలింది" అని తనలో తనే అనుకుంది. చివరికి ఎవరిదో దిష్టి అని తేల్చి, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ నాలిక ఎలా తప్పిందో నాకు అర్థం కాలేదు. స్వామి నా జుట్టు తీసుకున్నాడు గనుక, బదులుగా నన్ను కాపాడాడనుకున్నాను. భయంతో మర్నాటి నుంచి నా వాటాకి మించి మంచినీళ్లు మోశాను.

జ్యేష్ఠంలో కాలువకి నీళ్లొచ్చాయి. వానలు పడ్డాయి. పుల్లల నిండా లేత చిగుళ్లు వచ్చాయి, ఆషాఢం చివరికి చిగురు చిగురుకీ మూడేసి మొగ్గలు. శ్రావణంలో, మల్లెలు ఊళ్లో ఇంకెక్కడా లేని రోజుల్లో, మా పెరడు తెల్లబడిపోయింది. పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం వీధి ఆడవాళ్లంతా వచ్చి మొగ్గలు కోసి తడిగుడ్డల్లో మూటలు కట్టారు. పూలజడ కుట్టేటప్పుడు నాన్నమ్మ నన్ను పిలిచి మొదటి మొగ్గ నా చేత పెట్టించింది. "ఇది చెరువు నుంచి నీళ్లు మోసి బతికించిందమ్మా. మోడైపోయిన చెట్టు దీని చేతిలో పూసింది. దీని చెయ్యి చలవ" అంది పదిమందిలో. దివిసీమ మేనత్త జడ ముట్టుకుని, వాసన చూసి, ఏమీ అనలేదు. నాన్నమ్మ ఆ మౌనం కోసమే ఆరు నెలలు బతికినట్టుంది. నేను ఏడ్చాను. అక్క వెళ్లిపోతోందని ఏడుస్తున్నాననుకుని అందరూ నన్ను ఇంకా ముద్దు చేశారు.

నాకు జుట్టు మళ్లీ నడుందాకా వచ్చింది. కానీ అప్పటికి నాన్నమ్మ లేదు, ఆ ముచ్చట ఎవరికీ గుర్తు లేదు. నా పెళ్లి మాఘంలో అయింది. చేమంతులు పెట్టారు. చేమంతులు కూడా బానే ఉంటాయి. చాలా ఏళ్లకి, మైలవరం వైపు మల్లెతోట ఉన్న ఒకావిడ రైల్లో పక్కన కూర్చుని మాటల్లో చెప్పింది, మల్లె బాగా పూయాలంటే నీళ్లు ఆపి, ఆకంతా దూసేసి, మళ్లీ నీళ్లు పెట్టాలని. సుఖంగా ఉన్న చెట్టు ఆకు పెడుతుంది గానీ మొగ్గ పెట్టదట. అంటే నా చేతి చలవ అదన్నమాట. నేను చంపబోయాను, అది పూసింది.

హారిక కుండీలు చూశాను. ఏం లోటు లేదు. కొబ్బరిపీచు పొడి, వేపపిండి, ప్రతి కుండీకీ సన్నటి గొట్టం, టైమ్ కాగానే వాటంతటవే చుక్కలు పడే నీళ్లు. అవీ ఫిల్టరు నీళ్లు. మేం తాగడానికి లెక్కపెట్టుకున్న నీళ్లకంటే శుభ్రమైనవి. ఆ పిల్ల మీద కూడా చిన్న అసూయ కలిగింది. ఒక్క బిందె మోయకుండా పెళ్లిపూలు పెంచుతోంది. అక్క గోడ పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. హారిక చెంబు నా చేతికిచ్చి, ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

"చిన్నమ్మమ్మా, మీరు నీళ్లు పోసేది వీడియో తీస్తాను. పెళ్లిలో అందరికీ చూపిస్తా."

"నీళ్లు కాదమ్మా, ఆపు ముందు. ఆ గొట్టాలు కట్టెయ్. పదిరోజులు చుక్క పొయ్యకు. ఆకంతా దూసెయ్" అన్నాను.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఆకులు తీసేస్తే చచ్చిపోవూ? నెలాపదిహేను రోజులే ఉంది. నావల్ల కాదు. అమ్మమ్మ పెళ్లికి మీరు మల్లెపొదల్ని ఎంత ప్రేమగా చూసుకున్నారో అమ్మ చెప్పింది. అదే చెయ్యండి, చాలు."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రైల్లో ఆవిడ మాట చెప్పొచ్చు. చెప్పాను కూడా, వినలేదు. ఎవరో తోటలో నేలమీది చెట్ల సంగతి, ఇవి కుండీల్లోవి అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నేను చెంబు దించేశాను. "ప్రేమగా కాదే. అసూయతో చూసుకున్నాను. ఆరు పొదలకీ ఎనిమిది రోజులు ఉప్పునీళ్లు పోశాను, మీ అమ్మమ్మకి పూలు రాకూడదని. ఆకంతా రాలిపోయింది. అందుకే పూసింది" అన్నాను. అక్క వైపు చూడలేదు. హారిక ఫోన్ మెల్లగా కిందికి దించింది.

"తెలుసులే" అంది అక్క.

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, కూరలో ఉప్పు తక్కువైందని చెబితే అన్నట్టుంది. "మట్టి మీద తెల్లగా తేలింది కదే పొర. సాయంత్రం నాన్నమ్మ నోట్లో వేసుకుంటుంది, తెలిసిపోద్ది. మీరు లేవకముందే అట్లకాడతో పైమట్టి గీకేసి, కాలవగట్టు మట్టి తెచ్చి పోశా. నా తలంటు బిందె ఉండేదిగా, అదీ వాటికే పోసేసేదాన్ని, పదిహేను రోజులు. జుట్టు ఉండలు కట్టిందని నాన్నమ్మ ఎంత తిట్టిందో."

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"తలకి గుడ్డ కట్టుకుని తిరిగేదానివి. నిన్నేమంటాం" అంది.

ఆ క్షణంలో నేను కరిగిపోవాలి. కొంచెం కరిగాను కూడా. కానీ నిజం చెప్పాలంటే ముందొచ్చింది మళ్లీ ఆ పాత మంటే. యాభై ఏళ్లకి పైగా ఆ పూలు నా పాపం వల్ల పూశాయని లోపల దిగులుపడ్డాను, దిగులు అడుగున ఒక గర్వం కూడా ఉంది. చెడ్డదాన్నయితే అయ్యాను, ఆ జడ మాత్రం నాది అని. ఇప్పుడు అదీ పోయింది. తన పెళ్లిపూలు తనే పెంచుకుంది, ఉప్పునీళ్లతో తలంటుకుని మరీ. నేను చేసిన తప్పులో కూడా నాకు పూర్తి వాటా మిగల్చలేదు మా అక్క.

హారిక గొంతుక్కూర్చుని మొదటి కుండీ ముందుకు లాక్కుంది. ముగ్గురం కలిసి పాతిక కుండీల ఆకూ దూశాం. చేతులు పచ్చబడి, పసరు వాసన పట్టింది. అక్క నాకంటే మూడు కుండీలు ఎక్కువ చేసింది, డెబ్బై దాటిన మనిషి. నేను లెక్కపెట్టాను.

శ్రావణంలో పూశాయి. జడ మొత్తానికి చాలలేదు, కింది సగం కనకాంబరాలు కలిపి కుట్టారు. పెళ్లిపొద్దున మిగిలిన మొగ్గలు అక్క మాల కట్టి, బావగారు పిలుస్తున్నా పలకకుండా, రెండు ముక్కలు చేసి నా వెనక నిలబడింది. నా తల మీద ఇప్పుడు ముడి అనడానికి పిడికెడు కూడా లేదు. "నాకెక్కడ నిలుస్తాయే" అన్నాను. అక్క నోట్లో పట్టుకున్న పిన్నులు ఒక్కొక్కటే తీసి గుచ్చింది. ఏడో పిన్నుకి నిలిచాయి. తనది కూడా పెట్టుకున్నాక, ఇద్దరం గోడనున్న అద్దం ముందు పక్కపక్కన నిలబడ్డాం. నేను తల తిప్పి ముందు తనది చూశాను, తర్వాత నాది. తనది జానెడు, నాది మూరెడు ఉంది.